ఒంట్లో పేనే పగ్గం

బుచ్చయ్యపేట వైపు చెరకు నరికే రోజుల్లో ఆడవాళ్ల చేతులు చూడాలి. చెరకు ఆకు అంచు చురకత్తిలా ఉంటుంది. ముంజేతుల నిండా సన్నని గీతలు పడతాయి. చెమట తగిలితే భగ్గుమంటాయి. వారం పది రోజులు గడిచేసరికి ఆ గీతలు వాటంతటవే పూడుకుపోతాయి. ఎవరూ కుట్లు వేయరు. ఎవరూ అతుకు పెట్టరు. మరి చీలిన చర్మాన్ని కుట్టింది ఎవరు?

కుట్టింది మన ఒళ్లే. ఆ కుట్టుదారం పేరు కొల్లాజెన్.

ఈ పేరు ఇప్పుడు పల్లెల్లో కూడా వినబడుతోంది. ఫోను తెరిస్తే చాలు, కొల్లాజెన్ పొడి డబ్బాలు కనబడుతున్నాయి. మోకాళ్ల నొప్పులు పోతాయట. ముఖం మీద ముడతలు పోతాయట. ఊడిన జుట్టు మళ్లీ వస్తుందట. పొలం నుంచి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకున్న అత్తకు కోడలు ఫోను చూపిస్తుంది.

"ఏటే అది?"

"మోకాళ్లకి మంచి పొడి అంట అత్తా. పాలల్లో కలుపుకుని తాగాలంట. డబ్బా 1400 రూపాయలంట."

"ఓలమ్మ! 1400 రూపాయలే? అంత డబ్బు పోస్తే నా మోకాళ్లలోకి ఏటి దిగుద్ది?"

అత్త అడిగింది సరైన ప్రశ్న. పొడి నోట్లోకి వెళ్తుంది, నొప్పి మోకాలిలో ఉంది. నోటి నుంచి మోకాలి దాకా ఆ పొడికి దారి ఉందా? అది తెలియాలంటే ముందు కొల్లాజెన్ అంటే ఏమిటో తెలియాలి.

మూడు పోగుల తాడు

బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. జిల్లా పేరు ఏదైనా ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లకు గోగునార సంగతి చెప్పక్కర్లేదు. గోగు కట్టలు చెరువులో నానేస్తారు. కుళ్లిన తరువాత నార వొలుస్తారు. ఆ నారతో పగ్గం పేనుతారు. ఒక్కొక్క పోగును ముందు ఒక వైపుకు మెలి తిప్పుతారు. తరువాత మూడు పోగులను కలిపి రెండో వైపుకు మెలి తిప్పుతారు. మెలికకు ఎదురు మెలిక పడుతుంది. అందుకే పగ్గం విడిపోదు. ఎద్దు గుంజినా తెగదు.

కొల్లాజెన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అది ఒక రకం మాంసకృత్తు. అంటే పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే ప్రోటీన్ జాతిది. ఒక్కో పోగు ఎడమ వైపుకు మెలి తిరిగి ఉంటుంది. మూడు పోగులు కలిసి కుడి వైపుకు మెలి తిరుగుతాయి. ఈ పగ్గం మామూలు కంటికి కనబడనంత సన్నం. కాని కోట్లాది పగ్గాలు ఒక చోట చేరితే ఎంత గట్టిగా ఉంటాయో చేత్తో పట్టుకుని చూడొచ్చు. మడమ వెనక చెయ్యి పెట్టండి. గట్టిగా మోకులాంటిది తగులుతుంది. అందులో ఎక్కువ భాగం కొల్లాజెనే.

చర్మం, ఎముక, చిగుళ్లు, రక్తనాళాల గోడలు, కీళ్ల మధ్య ఉండే మెత్త, అన్నిటిలోనూ ఇది ఉంది. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరలో కూడా ఉంది. ఒంట్లో ఉన్న మాంసకృత్తులన్నీ మూడు వాటాలు వేస్తే అందులో సుమారు ఒక వాటా కొల్లాజెనే.

ఎముక అంటే సున్నపురాయి లాంటిది అని చాలామంది అనుకుంటారు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడొచ్చు. కోడి కాలి ఎముకను శుభ్రంగా కడిగి వెనిగర్‌లో వేయాలి. రెండు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం పది రోజులు ఉంచాలి. ఆ పులుపుకు ఎముకలోని సున్నం కరిగిపోతుంది. మిగిలిన ఎముక రబ్బరులా వంగుతుంది. ఆ వంగేది కొల్లాజెన్. ఇంకో ఎముకను పొయ్యిలో కాల్చి చూడండి. ఈసారి కొల్లాజెన్ కాలిపోయి సున్నం మిగులుతుంది. వేలితో నొక్కితే పొడి అయిపోతుంది. స్లాబు వేసేటప్పుడు సిమెంటు ఒక్కటే పోస్తే నిలవదు, లోపల ఇనుప చువ్వలు ఉండాలి. ఎముకలో చువ్వల పని చేసేది కొల్లాజెన్.

మద్రాసులో తేలిన సంగతి

ఈ మూడు పోగుల సంగతి మొదట బయటపెట్టింది మన దక్షిణాది వాళ్లే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొల్లాజెన్ మీద ఎక్స్‌రేలు వేసి చూశారు. పరీక్షకు వాళ్లు వాడింది కంగారూ అనే ఆస్ట్రేలియా జంతువు తోకలోని నరం. అది వాళ్లకు దగ్గరలోనే అడయారులో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ నుంచి దొరికింది. కొల్లాజెన్‌లో మూడు పోగులు ఉన్నాయని 1954లో చెప్పారు. ఆ మూడూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయని 1955లో తమ లెక్కను తామే సరిదిద్దుకున్నారు.

తోళ్ల సంస్థకు కొల్లాజెన్‌తో ఏం పని? తోలు అంటేనే కొల్లాజెన్ గనుక. పచ్చి తోలు రెండు రోజుల్లో కుళ్లుతుంది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊనితే చెప్పు అయి ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ చెక్కలోని వగరు వెళ్లి కొల్లాజెన్ పోగులను పట్టుకుంటుంది, కుళ్లనివ్వదు. మన మాదిగపేటల్లో తరతరాలుగా చేసిన పని ఇదే. ఆ పని చేసినవాళ్లను ఊరు దూరంగా ఉంచింది కాని, వాళ్ల చేతిలో ఉన్నది గొప్ప రసాయన విద్య. ఆ విద్యనే చదువుగా చదివి పేరు తెచ్చుకున్నవారు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టారు. 1958 నుంచి 1971 దాకా ఆ తోళ్ల సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 1985లో విమాన ప్రమాదంలో పోయారు. విమానంలో ఎవరో బాంబు పెట్టారు.

తాళం వేసేది పులుపు

పగ్గం పేనగానే సరిపోదు. కొస ముడి వేయకపోతే విడిపోతుంది. కొల్లాజెన్‌కు ముడి వేయడానికి ఒళ్లు సి విటమిన్‌ను వాడుకుంటుంది. సి విటమిన్ లేకపోతే ఒంటి వేడికే మూడు పోగులు సడలిపోతాయి. అప్పుడు చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది. పళ్లు కదులుతాయి. ఎప్పుడో మానిన పాత గాయం కూడా మళ్లీ తెరుచుకుంటుంది. దీనికి స్కర్వీ అని పేరు.

వెనకటి రోజుల్లో నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులు ఈ జబ్బుతో వేలాదిగా చచ్చిపోయేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు ఒక పని చేశాడు. జబ్బుపడిన 12 మందిని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జంటలు చేశాడు. తిండి అందరికీ ఒకటే. మందు మాత్రం ఒక్కో జంటకు ఒక్కోటి. ఒక జంటకు వెనిగర్ ఇచ్చాడు. ఒక జంటకు సముద్రపు నీళ్లు పట్టించాడు, పాపం. ఇంకో జంటకు నారింజ, నిమ్మపండ్లు ఇచ్చాడు. వారం తిరగకుండా నారింజ తిన్నవాళ్లు లేచి తిరిగారు. మిగతావాళ్లకు అంత గుణం కనబడలేదు. అయినా ఇంగ్లండు ఓడల్లో నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. పెద్దల చెవికి మంచి మాట ఎక్కడానికి అంత కాలం పట్టింది మరి.

లిండ్ చేసిన పరీక్ష గుర్తుంచుకోండి. మందు వేసుకున్నవాళ్లను, వేసుకోనివాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. "మా పిన్నికి తగ్గింది" అనే మాట ఒక్కటీ చాలదు. మోకాలి నొప్పి చలికాలం పెరుగుతుంది, ఎండలు వస్తే తగ్గుతుంది. ఆ మధ్యలో ఏ పొడి తాగినా ఆ పొడికే పేరు వస్తుంది.

మేక, ఆవు, కుక్క సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు. రోజూ తినవలసిందే.

తాగిన పొడి ఎక్కడికి పోతుంది?

ఆదివారం మేక కాళ్ల పులుసు వండితే, మర్నాటికి గిన్నెలో గడ్డ కట్టుకుని ఉంటుంది. ఆ గడ్డ కట్టించేది కొల్లాజెనే. చాలాసేపు ఉడికేసరికి మూడు పోగులు విడిపోతాయి. అలా విడిపోయినదాన్ని జెలటిన్ అంటారు. క్యాప్సూల్ మాత్రల పై గొట్టం చాలావరకు దీనితోనే చేస్తారు. డబ్బా పొడి అంటే ఆ జెలటిన్‌ను ఇంకా చిన్న ముక్కలు చేసి ఆరబెట్టినది. పశువుల తోళ్లు, ఎముకలు, చేపల చర్మం, పొలుసుల నుంచి దాన్ని తీస్తారు.

దాన్ని తాగితే కడుపులో ఏమవుతుంది? పప్పుకు, గుడ్డుకు ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. సంతలో కొన్న పగ్గాన్ని పీచు పీచుగా విప్పి, ఆ నారను ఊరందరికీ పంచినట్టు అవుతుంది. ఎవరి ఇంటికి ఏం కావాలో వాళ్లు చేసుకుంటారు. ఒకరు ఉట్టి అల్లుతారు, ఒకరు మంచం నులక పేనుతారు. "ఈ నార మోకాలికే పోవాలి" అని డబ్బా మీద రాసినంత మాత్రాన ఒళ్లు వినదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొత్తం పీచు అయిపోదు. రెండు మూడు పోగుల చిన్న ముక్కలు కొన్ని రక్తంలో కనబడ్డాయి. అవి చర్మానికి, కీళ్లకు కొత్త కొల్లాజెన్ పేనమని కబురు చేస్తాయేమో అని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. అందుకే మనుషుల మీద పరీక్షలు చేశారు. కొన్ని పరీక్షల్లో మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. కొన్నిటిలో చర్మం కొంచెం తేమగా కనబడింది. చాలా పరీక్షలకు డబ్బు పెట్టింది పొడి అమ్మే కంపెనీలే. చర్మం మీద జరిగిన 23 పరీక్షలను కలిపి చూసిన ఒక నివేదిక 2025లో వచ్చింది. అన్నీ కలిపి చూస్తే మేలు ఉన్నట్టు కనబడింది. కంపెనీల డబ్బు తీసుకోని పరీక్షలను విడదీసి చూస్తే మేలు కనబడలేదు. కీళ్ల సంగతి చూస్తే, "ఈ పొడి కీళ్లను కాపాడుతుంది" అని చెప్పుకోవడానికి సరిపడా రుజువు లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లోనే తేల్చింది.

పేదవాళ్లకు ఇలాంటి జావ పొయ్యడం కొత్త కాదు. సుమారు 200 ఏళ్ల కింద ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరపు ఆస్పత్రుల్లో ఎముకలు ఉడికించి తీసిన జెలటిన్ పులుసు బీదవాళ్లకు పెట్టారు. మాంసం ఖర్చు తప్పుతుందని ఆశపడ్డారు. చివరికి మాజెండీ అనే శాస్త్రవేత్త పెద్దగా ఒక సంఘం వేశారు. ఒక్క జెలటిన్ తిన్న కుక్కలు బతకలేవని ఆ సంఘం 1841లో చెప్పింది. కారణం తరువాత తెలిసింది. ఒంటికి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ అనే సరుకు కొల్లాజెన్‌లో అసలే లేదు. గుడ్డులో ఉంది, పాలల్లో ఉంది, పప్పులో ఉంది.

కాళ్ల పులుసు తాగితే విరిగిన ఎముక అతుక్కుంటుందని మన వైపు పెద్దలు చెబుతారు. పులుసు మంచి తిండే. నోటికి హితవుగా ఉంటుంది, నీరసంలో నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. ఎముక ఎంతసేపు మరిగినా అందులోని సున్నం నీళ్లలోకి దిగేది కొంచెమే. కాబట్టి పులుసు తాగుతున్నాం గదా అని పాలు, చోడి అంబలి మానకూడదు. చోళ్లలో సున్నం ఎక్కువ.

ముఖానికి రాసుకునే కొల్లాజెన్ క్రీముల సంగతి ఇంకా తేలిక. పగ్గం చర్మంలోకి దూరనంత పెద్దది. పైనే ఉండి కాస్త మెత్తగా చేస్తుంది. ఆ పని కొబ్బరినూనె కూడా చేస్తుంది. కాలిన గాయాల మీద ఆస్పత్రిలో వేసే పలుచని కొల్లాజెన్ పొర వేరు. అది గాయానికి కప్పు. దాన్ని డాక్టరు వేయాలి.

డబ్బా వెనక్కి తిప్పండి

డబ్బా ముందు వైపు అందమైన ముఖం ఉంటుంది. అసలు సంగతి వెనక వైపు చిన్న అక్షరాల్లో, చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. బడికి పోయే పిల్లల చేత చదివించుకోవచ్చు. "బొవైన్" అని ఉంటే పశువుల నుంచి తీసినది. "మెరైన్" అనో "ఫిష్" అనో ఉంటే చేప నుంచి తీసినది. శనివారం నీసు ముట్టని ఇంట్లో ఇది తెలియకుండా పాలల్లో కలిపి తాగేస్తారు. చెట్ల నుంచి కొల్లాజెన్ రాదు. "మొక్కల కొల్లాజెన్" అని ఆకుపచ్చ గుర్తు వేసి అమ్మే డబ్బాలో ఉండేది కొల్లాజెన్ కాదు, సి విటమిన్ లాంటి సరుకులు. ఇది మందు కాదు అనే మాట కూడా ఉండాలి. చట్టం అలా చెబుతోంది. 14 అంకెల లైసెన్సు నంబరు లేని డబ్బా కొనకూడదు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు ఈ పొడి పెద్దగా చెడు చేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తాగకూడదు.

ఇక లెక్క. 250 గ్రాముల డబ్బా 1400 రూపాయలు అనుకుందాం. రోజుకు 10 గ్రాములు వాడితే 25 రోజులు వస్తుంది. గుడ్డు 7 రూపాయలు అనుకుంటే అదే డబ్బుకు 200 గుడ్లు. అత్తాకోడళ్లిద్దరూ రోజుకు ఒక్కో గుడ్డు తిన్నా 100 రోజులు వస్తాయి. ఒక్కో గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 200 గుడ్లలో 1200 గ్రాములు. డబ్బాలో 250 గ్రాములు కూడా ఉండవు.

నార ఇలా దొరికింది. ముడికి సి విటమిన్ కావాలి. ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 115 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. జీడిమామిడి తోటల్లో గింజ తీసుకుని పారేసే పండులో కూడా దండిగా ఉంటుంది. మునగాకులో ఉంది, మొలకెత్తిన పెసలలో ఉంది. ఈ విటమిన్ వేడికి పాడవుతుంది. నిమ్మకాయను పొయ్యి మీద ఉండగా పిండకూడదు, దింపాక పిండాలి. అన్నంతో పాటు పులుపు తింటే ఆకుకూరలోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది.

పేనింది తెంపేవి

వయసుతో కొల్లాజెన్ తగ్గుతుంది. ముట్లు ఆగిపోయాక తొలి ఐదేళ్లలో ఆడవాళ్ల చర్మంలో బాగా తగ్గుతుంది. అది ఎవరి తప్పూ కాదు, దానికి సిగ్గుపడే పనీ లేదు. కాని చేజేతులా తెంపుకునేవి కొన్ని ఉన్నాయి.

పొగ అందులో మొదటిది. ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. పొగ కొల్లాజెన్‌ను తెంపుతుంది, కొత్తది పేననివ్వదు, గాయాలు మాననివ్వదు. అడ్డపొగ అయితే అంగిలికి పుండు చేసి క్యాన్సరు దాకా తీసుకుపోతుంది. అడ్డపొగ మానకుండా కొల్లాజెన్ పొడి తాగడమంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

షుగరు అదుపులో లేకపోయినా కష్టమే. అనకాపల్లి బెల్లం పాకంలో తాడు ముంచి ఆరబెట్టి చూడండి. వంచితే పుటుక్కుమంటుంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే కొల్లాజెన్ పోగులు అలాగే బిరుసెక్కుతాయి. ఎండ కూడా చర్మంలోని పోగులను తెంపుతుంది. పొలంలో పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వేసుకునేవాళ్లు చెరకు ఆకు నుంచే కాదు, ఎండ నుంచి కూడా తప్పించుకుంటున్నారు.

మోకాలి నొప్పికి నిజంగా పనికొచ్చేది తొడ కండకు బలం తేవడం. అరుగు మీద కూర్చుని కాలు తిన్నగా చాచాలి. 5 అంకెలు లెక్కపెట్టి దించాలి. పదిసార్లు ఈ కాలు, పదిసార్లు ఆ కాలు. మోకాలు వాచి వేడిగా ఉన్నా, గాయం రెండు మూడు వారాలకు మానకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

అరుగు మీద కోడలు ఫోను పక్కన పెట్టింది. అత్త కాలు చాచి అంకెలు లెక్కపెడుతోంది.

"మూడు, నాలుగు, అయిదు... అయితే ఆదివారం కాళ్ల పులుసు కూడా మానీమంటావేటే?"

"మానొద్దత్తా. దింపాక రెండు నిమ్మచెక్కలు పిండుకో."